పాస్‌బుక్కు, పాస్‌పోర్టు

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు జవాబులు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి నుంచి కూరగాయల కొట్టు దాకా నడిస్తే అమెరికా జెండాలు నాలుగు, కెనడా జెండాలు మూడు కనిపిస్తాయి. అన్నీ విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీల బోర్డులు. అన్నీ మేడ మీద గదులే, అన్నిట్లోనూ ఏసీ. బెంజి సర్కిల్ దగ్గర ఇంకా ఎక్కువని విజయవాడలో ఉండే మా చెల్లెలు చెబుతుంది. నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు అప్పుల సీటే, అందులోనూ ఎక్కువ చదువుల అప్పులు. కాబట్టి ఏ యూనివర్సిటీ మంచిదో నన్ను అడగొద్దు. డబ్బు ఎవరిది, కాగితం ఎవరు రాశారు, గడువు ఎన్ని రోజులు, ఇవి అడగండి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ప్రత్తిపాడు మండలం. మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం కూడా వచ్చింది. బ్యాంకులో 45 లక్షలు చూపించాలట. కన్సల్టెన్సీ వాళ్లు మేమే వేయించి చూపిస్తాం, కొంత కమిషన్ ఇవ్వండి అంటున్నారు. నాకు మూడెకరాల మిర్చి ఉంది, కోల్డ్ స్టోరేజీలో 80 టిక్కీలు ఉన్నాయి. ఇది అందరూ చేసేదేనా?
*– ఒక రైతు*

జవాబు: అన్నయ్య గారూ, చాలామంది చేసేదే. అందుకే వీసా ఆఫీసర్లకూ బాగా తెలుసు.

ఈ వ్యవహారం నేను కౌంటరు ఇవతల నుంచి చూశాను. సోమవారం ఖాతాలో 40 లక్షలు పడతాయి. మంగళవారం బ్యాలెన్స్ సర్టిఫికెట్ కావాలంటూ కుర్రాడు వస్తాడు. బుధవారానికి ఆ డబ్బు ఇంకో కుర్రాడి ఖాతాలో ఉంటుంది. సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాను, ఎందుకంటే ఆ రోజు ఆ ఖాతాలో ఆ డబ్బు ఉన్నమాట నిజమే. కానీ ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగితే మొత్తం కథ తెలిసిపోతుంది. ఆరు వేలు, నాలుగు వేలు తిరిగే ఖాతాలో హఠాత్తుగా 40 లక్షలు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అసలు మీకు ఆ డబ్బు అంతా ఖాతాలో ఉండక్కర్లేదు. ఐ-20 కాగితం మీద ఫీజు ఎంత, ఉండటానికి తినడానికి ఎంత, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అని వరుసగా రాసి ఉంటుంది. మొదటి ఏడాదికి డబ్బు సిద్ధంగా ఉందని, మిగతా చదువుకు దారి ఉందని చూపించగలిగితే చాలు. బ్యాంకు ఇచ్చే లోన్ శాంక్షన్ లెటర్ అందుకు పనికొస్తుంది. నిజమైన అప్పు కాగితం చేతిలో పెట్టుకుని అబద్ధపు బ్యాలెన్స్ ఎందుకండీ? మోసం చేశారని తేలితే ఆ అబ్బాయికి అమెరికా వీసా దారి జీవితాంతం మూసుకుపోవచ్చు. మామూలు రిజెక్షన్ అలా కాదు, మళ్లీ వెళ్లొచ్చు.

ఇక అప్పు సంగతి. చదువుల అప్పుకు మా బ్యాంకులో పొలం తాకట్టు తీసుకునేవాళ్లం కాదు. ఇల్లు, ఇంటి స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎల్‌ఐసీ పాలసీలు తీసుకునేవాళ్లం. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, ఆపైన అడుగుతారు. తాకట్టు లేకుండా 40 లక్షలు ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలూ ఉన్నాయి, వడ్డీ ఎక్కువ. ముందు మీ ఊరి ఇంటికి లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించి దగ్గరి ప్రభుత్వ బ్యాంకుకు వెళ్లండి.

లెక్క కూడా ఒకసారి చూసుకోండి. 40 లక్షలు 10.5 శాతానికి తీసుకుంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు వడ్డీ, అంటే నెలకు 35 వేలు. రెండేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల గడువు. ఈ రెండున్నరేళ్లూ ఏమీ కట్టకుండా ఊరుకుంటే 10 లక్షల 50 వేలు వడ్డీ చేరి అప్పు 50 లక్షల 50 వేలవుతుంది. విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది. అక్కడి నుంచి పదేళ్ల వాయిదాలంటే నెలకు దాదాపు 68 వేలు. అబ్బాయికి డాలర్లలో ఉద్యోగం వస్తే ఇది చిన్న మొత్తం. ఇక్కడికి తిరిగొచ్చి 40 వేల జీతంలో చేరితే మాత్రం మొయ్యలేడు. ఆ రెండో సంగతి జరిగితే ఎలా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

టిక్కీలు మాత్రం కన్సల్టెన్సీ కమిషన్ కోసం అమ్మకండి. ధర చూసుకుని అమ్మి, ఆ డబ్బుతో చదువు కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోండి. అలా కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గిస్తాయి. లోన్ తీసుకునే రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను కానూరులో బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం. ఎంఎస్ అయ్యాక మూడేళ్లు ఓపీటీ, జాబ్ గ్యారంటీ, తర్వాత హెచ్-1బి అని చెప్పారు. మొదటి రోజు నుంచే సీపీటీ ఇచ్చే కాలేజీ ఒకటి ఉందట, ఫీజు కూడా తక్కువట. చేరమంటారా?
*– ఒక విద్యార్థి*

జవాబు: బాబూ, గ్యారంటీ అన్న మాటకు బ్యాంకులో ఒక స్టాంపు పేపరు, రెండు సంతకాలు ఉంటాయి. జాబ్ గ్యారంటీ ఇస్తామన్నవాళ్లను అదే అడిగి చూడు.

ఓపీటీ అంటే ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. ఉద్యోగం నువ్వే వెతుక్కోవాలి. అందరికీ 12 నెలలు ఇస్తారు. నీది కంప్యూటర్స్ కాబట్టి స్టెమ్ కింద, అంటే సైన్సు, ఇంజనీరింగు లాంటి చదువులకిచ్చే పొడిగింపు కింద, ఇంకో 24 నెలలు అడగొచ్చు. అలా వచ్చిందే ఆ మూడేళ్ల లెక్క. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపల దరఖాస్తు పెట్టాలి. ముందు మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓ కంప్యూటర్లో సిఫారసు ఎక్కించాలి. ఆ రోజు నుంచి 30 రోజుల్లో నీ ఫారం ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. ఈ తేదీల్లో ఒకటి తప్పినా బతిమాలడానికి అక్కడ బ్రాంచి మేనేజరు ఉండడు.

ఓపీటీ మొదలైన తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. స్టెమ్ పొడిగింపు వచ్చాక మొదటి నుంచి మొత్తం కలిపి 150. ఆదివారాలు, పండగలు అన్నీ లెక్కే.

మా చిన్నాడు 2016లో వెళ్లి 2018లో ఎంఎస్ పూర్తి చేశాడు. ఓపీటీ కార్డు వచ్చిన రోజు మేం స్వీట్లు పంచాం. తర్వాత వాడే ఫోన్లో ఈ 90 రోజుల సంగతి చెప్పాడు. మా వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ ఉంది. అందులో తిథుల కింద రోజుకో పెన్సిల్ గీత పెట్టడం మొదలుపెట్టాను. యాభై దాటాక మావారు ఆ క్యాలెండర్ తిప్పి పెట్టేశారు, చూస్తే నాకు బీపీ పెరుగుతోందని. డెబ్భై ఒకటో గీత రోజున ఆఫర్ వచ్చింది. ఒహాయోలో ఒక చిన్న కంపెనీ, వాడు కలగన్నది ఏమీ కాదు. అయినా ఆ రాత్రి పాయసం చేశాను.

ఆ డెబ్భై రోజుల్లో వాడికి మూడు ఫోన్లు వచ్చాయి, మనవాళ్ల నుంచే. 'మా పేరోల్ మీద ఉన్నట్టు చూపిస్తాం, రోజుల లెక్క ఆగిపోతుంది, ప్రాజెక్టు దొరికాక చూద్దాం' అని. వాడు ఊగాడు, కాదనను. వద్దని చెప్పింది వాళ్ల అమ్మ కాదు, వాళ్ల అమ్మలోని బ్యాంకు మనిషి. లేని ఉద్యోగానికి ఉన్నట్టు ఇచ్చిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఇంకో టేబుల్ మీద తేలుతుంది. స్టెమ్ కోసమైతే కంపెనీ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి. నీకేం నేర్పిస్తారు, జీతం ఎంత, ఎవరు పర్యవేక్షిస్తారు అని ఐ-983 ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. ఊరూపేరూ లేని కంపెనీలు జారిపోయేది అక్కడే.

ఇక హెచ్-1బి, అంటే కంపెనీ వేయించే ఉద్యోగ వీసా. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు అదనంగా 20 వేలు. ఆ 20 వేలలో నీ పేరు ఉండాలంటే నీ కాలేజీ గుర్తింపు ఉన్నదీ, ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలా చవక కాలేజీల సంగతి తేలిపోతుంది. మార్చిలో కంపెనీ నీ పేరు నమోదు చేస్తుంది, తర్వాత లాటరీ. 2026 నుంచి లాటరీ కూడా అందరికీ ఒకేలా లేదు. జీతం స్థాయి ఎక్కువ ఉన్నవాళ్ల పేరు ఎక్కువసార్లు వేస్తారు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు అది లాభం కాదు. 2025 సెప్టెంబరులో ఇంకోటి వచ్చింది. అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా హెచ్-1బి వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అక్కడే ఉండి ఎఫ్-1 అనే చదువు వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత ఇమిగ్రేషన్ శాఖ చెప్పింది. అంటే ఓపీటీ అయిపోయి ఇంటికి వచ్చేశాక, ఇక్కడి నుంచి మళ్లీ పిలిపించుకునే కంపెనీ దొరకడం ఇప్పుడు బాగా కష్టం.

మావాడికి 2019లో, 2020లో, 2021లో మూడుసార్లూ లాటరీ తగల్లేదు. 2021 ఆగస్టులో రెండు సూట్‌కేసులతో దిగాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. వాడి అప్పు మాత్రం నిరుడు తీరింది. ఆ మూడేళ్లలో జీతం వచ్చిన ప్రతి నెలా అందులో సగం అప్పుకే కట్టమని నేను గొడవపెట్టాను కాబట్టి తీరింది. కారు కొనుక్కోనివ్వలేదని ఇప్పటికీ అంటాడు.

మొదటి రోజు సీపీటీ గురించి నా మాట: వద్దు. సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే పని. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ రాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అందులో క్లాసులూ లేవు, మేస్టర్లూ లేరు. ఆ యూనివర్సిటీని పెట్టిందే అమెరికా ప్రభుత్వం, ఎవరు చేరతారో చూడటానికి. చేరినవాళ్లలో మనవాళ్లు చాలామంది. ఫీజు తక్కువ, క్లాసులుండవు, పని చేసుకోవచ్చు అన్న మూడు మాటలూ ఒకే నోటి నుంచి వస్తే లేచి వచ్చేయ్.

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. అమ్మాయికి కిందటి మాఘంలో పెళ్లి చేశాం. 2026 సెప్టెంబరుకు లండన్‌లో ఒక ఏడాది ఎంఎస్సీకి వెళ్దామనుకుంటోంది. అల్లుడు గారు కూడా డిపెండెంట్‌గా వెళ్లొచ్చా? చదువయ్యాక రెండేళ్లు పని చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?
*– ఒక తల్లి*

జవాబు: అల్లుడు గారు వెళ్లలేరమ్మా. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భర్తనో భార్యనో పిల్లలనో తీసుకెళ్లడానికి లేదు. పీహెచ్‌డీ, రీసెర్చి కోర్సుల వాళ్లకే ఆ వీలుంది. ఈ మాట వియ్యంకులతో ముందే చెప్పండి. సీటు వచ్చాక, ఫీజు కట్టాక చెబితే గొడవలు మీకే.

రెండేళ్ల మాట పాతది. గ్రాడ్యుయేట్ రూట్ అనే ఆ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకు 18 నెలలే ఇస్తారు. పీహెచ్‌డీ వాళ్లకు మూడేళ్లు. మీ అమ్మాయి కోర్సు 2027లో ముగుస్తుంది కాబట్టి 18 నెలలని రాసిపెట్టుకోండి. అక్కడే ఉండి, స్టూడెంట్ వీసా గడువు లోపల, చదువు పూర్తయిందని యూనివర్సిటీ ప్రభుత్వానికి తెలిపాక దరఖాస్తు పెట్టాలి. ఇంటికొచ్చి పెడతానంటే కుదరదు.

ఆ 18 నెలల్లో ఏ పనైనా చేసుకోవచ్చు. తర్వాత కూడా ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ కావాలి. 2025 జూలై నుంచి దానికి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. అమ్మాయి చదవబోయే సబ్జెక్టులో మొదటి ఉద్యోగానికి అంత ఇస్తారా అన్నది సీటు తీసుకునే ముందే వెతికి చూడమనండి.

డబ్బు విషయంలో బ్రిటన్ వాళ్లది మా బ్యాంకు వాళ్ల పద్ధతే. కట్టాల్సిన ఫీజు కాక ఖర్చులకు లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, బయటైతే 1,171 చొప్పున తొమ్మిది నెలలకు చూపించాలి. అది వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఒక్క రోజు తగ్గినా అంతే. మీ ఖాతాలో ఉన్నా చెల్లుతుంది, అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, మీ అంగీకార పత్రం పెట్టాలి. బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరు, పాస్‌బుక్కులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. మన ఇళ్లల్లో తల్లి పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది.

ప్రశ్న: అమెరికా వీసాకు ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్‌లో పెట్టాలంటున్నారు. అకౌంట్ డిలీట్ చేసేస్తే పోలా?
*– పటమట నుంచి ఒక అమ్మాయి*

జవాబు: పోదు తల్లీ. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లన్నీ అడుగుతారు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా వాళ్లు వాటిని పబ్లిక్‌లో పెట్టాలని చెప్పారు. ఉన్నది ఉన్నట్టు రాసి, తెరిచి పెట్టు. మీ అమ్మ కూడా చూస్తుందేమోనని భయమైతే అది నా శాఖ కాదు.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, వయసు 36. ఆస్ట్రేలియాలో రెండేళ్ల మాస్టర్స్ చేస్తే తర్వాత పని చేసుకునే వీసా వస్తుందా?
*– గుంటూరు నుంచి ఒక పాఠకుడు*

జవాబు: రాదనే అనుకోండి మాస్టారూ. చదువయ్యాక పని చేసుకునే ఆ 485 వీసాకు 2024 జూలై నుంచి 35 ఏళ్లు దాటకూడదు. రీసెర్చి మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి మాత్రం 50 దాకా ఉంది. చదువు వీసా ఫీజే ఇప్పుడు 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, వీసా రాకపోతే తిరిగి రాదు.

ప్రశ్న: మేడమ్, కెనడాలో రెండేళ్ల డిప్లొమాకు పెట్టాను, రిజెక్ట్ చేశారు. ఇప్పుడు ఏజెంటు ఇంకో కాలేజీకి మళ్లీ పెడదాం, పాత రిజెక్షన్ రాయొద్దు అంటున్నాడు. లేకపోతే యూకేకి పెడదాం, వాళ్లకు తెలియదు అంటున్నాడు.
*– ఆటోనగర్ నుంచి ఒక యువకుడు*

జవాబు: ఫారంలో సంతకం నీది, ఏజెంటుది కాదు. కెనడా ఫారంలో, యూకే ఫారంలో 'ఏ దేశమైనా నీకు వీసా నిరాకరించిందా' అని సూటిగా అడుగుతారు. లేదు అని రాసి దొరికితే కెనడాకు ఐదేళ్లు, యూకేకు పదేళ్లు దారి మూతపడుతుంది. రిజెక్షన్ ఉన్నందుకు ఎవరూ నిన్ను తన్నరు. ఆ లెటర్లో ఇచ్చిన కారణం ఏమిటో చదివి, దానికి జవాబు ఉంటేనే మళ్లీ పెట్టు. జవాబు లేకుండా కాలేజీ పేరు ఒక్కటే మారిస్తే ఫీజు మళ్లీ పోతుంది.

డిప్లొమా విషయంలో ఇంకో మాట. మీ వీధిలో ముందు వెళ్లినవాళ్ల లెక్కలు ఇప్పుడు పనికిరావు. త్వరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబరులో ఎత్తేశారు. ఖర్చుల కింద 22,895 కెనడా డాలర్లు చూపించాలి, ఫీజు దానికి అదనం. ఆ నవంబరు నుంచే చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్‌కు ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కావాలి, కాలేజీ డిప్లొమా అయితే వాళ్లు చెప్పిన కోర్సుల జాబితాలో నీ కోర్సు ఉండాలి. యూనివర్సిటీ డిగ్రీలకు ఆ జాబితా లేదు. మాస్టర్స్ చేసినవాళ్లకు మూడేళ్ల పర్మిట్ ఉంది. పైగా ఆ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఏదో ఒక డిప్లొమాకు వెళ్లి దాన్ని వాడేసుకోవడం తొందరపాటు. నువ్వు బీటెక్ చదివి ఉంటే డిప్లొమాకు ఎందుకు పెట్టించాడో ఆ ఏజెంటును అడుగు. కాలేజీల నుంచి కమిషన్ ఎవరికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: జర్మనీలో చదువు ఫ్రీ అంటారు కదా, అప్పు లేకుండా వెళ్లొచ్చా? మెకానికల్ చదివాను. మాది తాడేపల్లి.
*– ఒక నిరుద్యోగి*

జవాబు: నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో జర్మనీ అడిగేవాళ్లంటే నాకు కాస్త ఇష్టం, ఎందుకంటే అప్పు తక్కువ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి తీసుకుంటోంది. ప్రైవేటు యూనివర్సిటీలైతే మామూలుగానే ఫీజులు. మన ఏజెంట్లు మొదట చూపించేవి అవే.

కానీ ఫ్రీ అంటే చేతిలో ఏమీ లేకుండా వెళ్లొచ్చని కాదు. వెళ్లే ముందు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అది నీ డబ్బే, అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున నీకే ఇస్తారు. దానికి కావాల్సినంత అప్పు బ్యాంకులో తేలిగ్గానే దొరుకుతుంది. నీ డిగ్రీ కాగితాలు అసలువేనా అని పరిశీలించే ఏపీఎస్ సర్టిఫికెట్ మన దేశం వాళ్లకు 2022 నవంబరు నుంచి తప్పనిసరి, ఫీజు 18 వేల రూపాయలు. మార్కుల మెమోలు, సీఎంఎం, ప్రొవిజనల్ అన్నీ దగ్గర పెట్టుకుని అది ముందు మొదలుపెట్టు, దాని కోసం సీట్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఆ కాలంలో ఏ పనైనా చేయొచ్చు. చిక్కు భాషతో. క్లాసు ఇంగ్లిష్‌లో జరుగుతుంది, మెకానికల్ ఉద్యోగాలు చాలావరకు జర్మన్ అడుగుతాయి. మా బ్రాంచిలో లోన్ తీసుకున్న ఒక అబ్బాయి రెండేళ్లు చదివినా మన వాళ్లతోనే తిరిగి జర్మన్ నేర్చుకోలేదు. 18 నెలల్లో ఏడాది నేర్చుకోవడానికే పోయింది. తాడేపల్లిలో ఉండగానే మొదలుపెట్టు, ఇప్పుడు ఎలాగూ ఖాళీయే కదా.

ప్రశ్న: అక్కయ్య గారికి, మంగళగిరి నుంచి. నేను నేతపని చేస్తాను. మా అబ్బాయి అమెరికాలో టెక్సాస్‌లో ఎంఎస్ మొదటి సంవత్సరం. లోన్ ఫైనాన్స్ కంపెనీది, నెలకు 18 వేలు వడ్డీ కట్టాలి. వాడు రాత్రిళ్లు పెట్రోల్ బంకులో పనిచేసి నెలకు 300 డాలర్లు పంపుతున్నాడు. చేతికే ఇస్తారట, కాగితం ఏమీ ఉండదట. పర్వాలేదు కదా? పక్కింటావిడ భయపెడుతోంది.
*– ఒక తండ్రి*

జవాబు: తమ్ముడూ, పక్కింటావిడ చెప్పింది నిజం. ఎఫ్-1 వీసా మీద చదువు జరిగే రోజుల్లో కాలేజీ క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పని చేయొచ్చు. క్యాంపస్ బయట, అనుమతి లేకుండా, ఒక్క గంట చేసినా తప్పే. కాగితం లేకపోవడం వల్ల పని లేనట్టు అవదు. తనిఖీకి వచ్చినవాళ్లు క్యాష్ కౌంటరు వెనక ఎవరున్నారో చూస్తారు. దొరికితే పోయేది ఆ 300 డాలర్లు కాదు, వాడి స్టేటస్ పోతుంది, దానితో చదువయ్యాక రావాల్సిన ఓపీటీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, పోతుంది. ఆ ఓపీటీని నమ్ముకునే కదా మీరు అప్పు చేసింది. దొరక్కపోయినా ముందు ముందు ఫారాల్లో అనుమతి లేకుండా పని చేశావా అని అడుగుతారు, అప్పుడు అబద్ధం రాయాల్సి వస్తుంది.

వాడు ఆ పని వెంటనే మానాలి. ఇప్పటిదాకా చేసినదాని సంగతి అక్కడ ఒక ఇమిగ్రేషన్ లాయరుకు చెప్పి సలహా తీసుకోవాలి, గదిలో ఉండే స్నేహితుల సలహా కాదు. క్యాంపస్‌లో లైబ్రరీ, మెస్సు, ప్రొఫెసర్ల దగ్గర పనులకు ప్రతి సెమిస్టరు మొదట్లో అడుగుతూ ఉండాలి, మావాడికి మూడో సెమిస్టరులో దొరికింది.

ఇక ఆ 18 వేలు. వాడు పంపుతున్నాడంటే మీరు కష్టపడుతున్నారని వాడికి తెలుసు. పిల్లలకు మన మగ్గం చప్పుడు అంత దూరం వినిపిస్తుంది. లోన్ అగ్రిమెంట్‌లో చదువు కాలంలో కట్టే వడ్డీని తగ్గించి, మిగతాది తర్వాత కలుపుకునే వీలు ఉందేమో చూడాలి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, మనం అడగందే చెప్పరు. ప్రభుత్వ బ్యాంకుకు ఆ లోన్ మార్చుకోవడం కుదురుతుందా అన్నది కూడా చూద్దాం, మీ ఇంటి కాగితాలు ఎలా ఉన్నాయో తెలియాలి.

ఆదివారం వాడు ఫోన్ చేసినప్పుడు వాడి మాట మొదలవకముందే మీరే చెప్పండి, 'ఇక డబ్బు పంపకు, రాత్రి పని మానెయ్' అని. తర్వాత అగ్రిమెంట్ కాగితాలు, ఇంటి దస్తావేజులు సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కండి. పత్రిక ఆఫీసులో నా అడ్రసు ఇస్తారు. ఉదయం పది దాటాక రండి, భోజనం ఇక్కడే.